టీ తాగి వచ్చేలోగా ఆగని ప్రోగ్రాం

కాలేజీల్లో కంప్యూటరు పాఠాలు చెప్పడానికి కొత్తగా చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఒడిశా బరంపురంలో, గోసాని నువాగాం పేటలో మా సందు ఇరుకు, స్కూటరు తిప్పడానికి కూడా చోటుండదు. అయినా వస్తారు. వచ్చి, "మేడమ్, ఇన్నేళ్లు ఉద్యోగం చేశారు కదా, మాకేమైనా చెప్పండి" అంటారు. వాళ్లకు కావలసింది ఇంటర్వ్యూలో ఏమడుగుతారన్నది. నేను చెప్పేది అది కాదు. అందుకే సగంలో గడియారం చూసుకోవడం మొదలుపెడతారు. ఇక ఇలా కాదని కాగితం మీద పెడుతున్నాను. చదివేటప్పుడు గడియారం చూసుకున్నా నాకు కనబడదు కాబట్టి కోపం రాదు.

బరంపురంలోనే ఒక కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పాను, ల్యాబు చూసుకున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. అవి ఆలస్యంగా వచ్చాయి, వచ్చాక కుర్చీకి చేతులు తప్ప కొత్తగా ఏమీ రాలేదు. ఉద్యోగంలో అసలు చేసిన పని ఏమిటని నిజం చెప్పమంటే, ఎక్కువ కాలం ఏదో ఒక పిల్లవాడి వెనక నిలబడి తెర చూశాను. వాడు రాసిన ప్రోగ్రాం లోపల నడుస్తూ ఉంటుంది. జవాబు రాదు. "మేడమ్, ఇది పని చేస్తోందా, ఇరుక్కుందా?" అంటాడు. నా ఉద్యోగమంతా ఆ ఒక్క ప్రశ్నే. ఆగుతుందా, ఆగదా?

ఒక ఆడపిల్ల డిగ్రీ, చేతిదాకా వచ్చిన ఉద్యోగం ఈ ప్రశ్న మీద వేలాడిన రోజు ఒకటుంది. నేను రాయాలనుకున్నది దాని గురించే. కానీ అది అర్థం కావాలంటే ముందు మా మహాపాత్ర సారు గురించి, ఆయన పెట్టిన టీ నియమం గురించి తెలియాలి.

టీ నియమం

మహాపాత్ర సారు మా విభాగానికి పెద్ద. ఫిజిక్సు నుంచి వచ్చారు. కంప్యూటర్లు పెట్టిన కొత్తలో వాటిని చూసుకోవడానికి మనిషి దొరక్క, పై అంతస్తులో గది ఉంది కదా అని ఈయనకి అప్పగించారు. ఒడియా ఆయన, కానీ బరంపురం బజారులో పుట్టి పెరిగిన మనిషి, మా తెలుగు మాకంటే గడగడా మాట్లాడేవారు. కంప్యూటర్ల గురించి ఆయనకు తెలిసింది తక్కువ. మనుషుల గురించి చాలా తెలుసు. ఇలాంటి పెద్ద దొరికితే మీ అదృష్టం అనుకోండి. రెండూ తెలియనివాళ్ల కింద కూడా నేను పనిచేశాను.

అప్పుడు మా దగ్గర యంత్రాలు కొన్నే, పిల్లలు చాలామంది. కరెంటు ఎప్పుడు పోతుందో దానికే తెలియదు. ఒకడి ప్రోగ్రాం కదలకుండా కూర్చుంటే వెనక వరసలో నిలబడ్డవాళ్లు గోల చేసేవారు. దానికి సారు ఒక నియమం పెట్టారు. ప్రోగ్రాం మొదలుపెట్టాలి. గేటు బయట అప్పన్న దుకాణానికి వెళ్లి ఒక టీ తాగి రావాలి. వచ్చేసరికి ఇంకా నడుస్తుంటే అది ఇరుక్కున్నట్టే లెక్క. కట్టేసి తరవాతి వాళ్లకు యంత్రం ఇవ్వాలి. ఈ సంగతి ల్యాబు గోడ మీద ఆయనే స్వయంగా పెద్ద అక్షరాలతో రాశారు, ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి.

నేను చేరిన కొత్తలో వెళ్లి అడిగాను. "ఏటి సారూ ఇది? మన టీ అయ్యేసరికి దాని పని అవ్వాలని ఏటుంది? కొన్నిటికి పని ఎక్కువుంటాది కదా."

"నాకు తెలవదా సావిత్రమ్మా?" అన్నారు. "గానీ ఆ గుమ్మం కాడ నిల్సున్న పిల్లలకి ఏటి సెప్పమంటావు? ఆడి పని ఎప్పుడవుతాదో దేవుడికి తెలుసు, మీరు రేపు రండి అని సెప్పనా?"

నియమం తప్పే, కానీ అందరికీ ఒకేలా తప్పు. చాలా ఆఫీసుల్లో న్యాయం ఇంతకు మించి దొరకదు. కొత్తగా చేరేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి. "దీన్ని ఇక ఆపేస్తున్నాం" అన్నది మన నిర్ణయం. "ఇది ఎప్పటికీ ఆగదు" అన్నది దాని గురించిన నిజం. రోజూ మొదటి పని చేస్తూ చేస్తూ రెండోది కూడా మనకు తెలుసు అనుకోవడం మొదలుపెడతాం. అక్కడే చెడిపోతాం.

టీ నియమం కింద ఒకసారి ఒక కుర్రాడి ప్రోగ్రాం కట్టేశాం. వాడు అదే ప్రోగ్రాంని తెలిసినవాళ్ల ఆఫీసులో నడిపించుకున్నాడు. టీ తాగి, ఒక పకోడీ పొట్లం కూడా తినేంత సేపటికి శుభ్రంగా జవాబు వచ్చిందట. మరుసటి రోజు ఆ కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

దీనికి తలకిందులుగా ఇంకొకటి. మా తోటి లెక్చరరు ఒకాయనకి టీ నియమం అంటే మంట. ఓపిక ఉండాలి, ఓపిక ఉంటే అన్నీ అవుతాయి అనేవాడు. ఊళ్లో అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర సెలవులకు ముందు తన ప్రోగ్రాం నడిపించి, "కట్టవద్దు" అని కాగితం అంటించి వెళ్లాడు. ఊరంతా డప్పులు, వేషాలు, జనం. యాత్ర పుణ్యమా అని కరెంటూ పోలేదు. అన్నీ అయ్యి మేం తిరిగి వచ్చేసరికి యంత్రం పెనంలా కాలుతోంది, ప్రోగ్రాం ఇంకా నడుస్తోంది. ఆయన సంబరంగా, "చూశారా, ఎంత పెద్ద లెక్కో!" అన్నాడు. నేను చదివి చూస్తే, ఒక్కొక్కటి తగ్గించుకుంటూ రావలసిన చోట ఒక్కొక్కటి కలుపుకుంటూ పోతోంది. అమ్మవారు పుట్టింటికి వచ్చి మళ్లీ గుడికి వెళ్లిపోయింది, ఇది మాత్రం వచ్చే యాత్రకైనా ఆగేది కాదు. ఆయన నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు.

తొందరపడి కట్టేసినా ఏమీ తెలియలేదు, ఓపిగ్గా కూర్చున్నా ఏమీ తెలియలేదు. ఈ రెండూ చూశాకే నాకు పాఠం చెప్పడం వచ్చింది.

సారు అడిగిన జడ్జి

ఒక వానాకాలం మహాపాత్ర సారుకి మంచి ఆలోచన వచ్చింది. "సావిత్రమ్మా, ఈ టీ గొడవేటి మనకి? నువ్వే ఒక ప్రోగ్రాం రాసీ. పిల్లలు రాసింది దానికి ఇస్తాం. అది సదివి, ఇది ఆగుతాది, ఇది ఆగదు అని ముందే సెప్పేస్తాది. ఆగేవాటినే యంత్రం మీదకి ఎక్కిద్దాం."

"అలాటిది ఎవరూ రాయలేరు సారూ."

"నీకు రాదా?"

"ఎవరికీ రాదు. ఎప్పటికీ రాదు."

ఆయనకు కోపం వచ్చింది. కుదరదు అన్న మాట ఆయనకు గుమస్తాల నోట విని విని విసుగు. అప్పుడు నేను, "సరే సారూ, ఒక ఆట ఆడదాం" అన్నాను. "ఇవాళ నాను మీతో టీకి వస్తానో రానో మీరు ముందే సెప్పాలి. మీరు సెప్పింది ఇన్నాకే నాను లేస్తాను."

"వస్తావు."

"అయితే రాను."

"సరే, రావు."

"అయితే వస్తాను."

"ఇదేటమ్మా, ఇంత మొండితనం!"

"అదే సారూ. మీ తీర్పు ఇని దానికి ఎదురు సేసే మొండిది ఒక్కటుంటే సాలు, మీరు రాయమన్న ఆ జడ్జి ప్రోగ్రాం తప్పు సెప్పినట్టే."

"మనిషివి గనక మొండికేస్తావు. ప్రోగ్రాంకి మొండితనం ఎక్కడిది?"

మంచి ప్రశ్న. కుర్చీ లాక్కుని విడమరిచి చెప్పాను. మీరు కోరిన జడ్జి ప్రోగ్రాం నిజంగా ఉంటే, దాన్ని నేను ఇంకో ప్రోగ్రాం లోపల పెట్టుకోగలను. ఆ ప్రోగ్రాం చేసేది ఒకటే. తనని రాసిన అక్షరాలనే తీసి జడ్జికి ఇచ్చి, "ఇది ఆగుతుందా?" అని అడుగుతుంది. ఆగుతుంది అని జడ్జి అంటే కావాలని తిరుగుతూనే ఉంటుంది. ఆగదు అంటే వెంటనే ఆగిపోతుంది. రాయడానికి ఒక పేజీ చాలు. కాబట్టి ఎంత తెలివైన జడ్జిని తెచ్చినా, వాడు తప్పు చెప్పేదో, నోరు మెదపలేనిదో ఒకటి ఉండి తీరుతుంది.

సారు లేచి, వాన జల్లు కొడుతున్న కిటికీ మూశారు. తరవాత, "జడ్జి సదవడం మానేసి, పక్కన కూకుని దాన్ని నడిపించి సూస్తే?" అన్నారు.

"నడిపించి సూస్తే, ఆగినప్పుడు ఆగింది అని సెప్పగలడు. ఆగకపోతే ఎప్పుడు సెప్తాడు సారూ, ఇది ఆగదు అని? ఇంకాసేపుంటే ఆగునేమో?"

"హఉ," అన్నారు, ఒడియాలో సరే అని. "అయితే టీ అయినదాకే సూస్తాడు." ఇద్దరం నవ్వుకుని టీకి వెళ్లాం.

ఈ సంగతిని తెలివైనవాళ్లే ఎక్కువగా తప్పుగా అర్థం చేసుకుంటారు. అన్నిటికీ పనికొచ్చే ఒక జడ్జి లేడు అంటే, ఏ ఒక్కదాని గురించీ ఏమీ చెప్పలేం అనుకుంటారు. అది శుద్ధ బద్ధకం. ఫలానా ప్రోగ్రాం ఒకటి నీ ముందు పెడితే, అది ఎందుకు ఆగి తీరుతుందో కారణం దొరకవచ్చు. దొరక్కపోవచ్చు కూడా. వెతకడం మన పని. క్లాసులో ఇది ఏటేటా చెప్పాను. తలలు ఊపారు. ఊపిన తలల్లో ఒకటి నూకరత్నానిది.

వేషం కట్టిన కిట్లు

నూకరత్నం ఛత్రపురం దగ్గర చమఖండి పిల్ల. వాళ్లది సముద్రం మీద వేటకు వెళ్లే ఇల్లు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, మా దగ్గరికి వచ్చాక ఇంగ్లీషు. మూడిట్లోనూ తక్కువే మాట్లాడేది. ముందు ఏడు తుపానుకి వాళ్ల ఇంటి కప్పు ఎగిరిపోయి, పరీక్షల వేళకు రాలేక ఆఖరి ఏడాది పోగొట్టుకుంది. మళ్లీ చదువుతోంది. విశాఖపట్నంలో ఒక కంపెనీ వాళ్లు ఉద్యోగం ఇస్తామన్నారు, ఈసారి పాసైతేనే. ఈ ఏడాది తరవాత హాస్టల్లో చోటు లేదని కాలేజీవాళ్లు ముందే చెప్పేశారు. వాళ్ల నాన్న కూడా కసరకుండానే తేల్చేశాడట. "ఈపాలి అయితే అయినట్టు. లేపోతే ఇంటికొచ్చీమ్మా, సేపలెండబెట్టుకుందాం." ఆ పిల్ల నాకు ఇది చెప్పినప్పుడు గొంతు మామూలుగానే ఉంది.

మా ల్యాబులో కిట్లని ఉండేవి. అరచేతి కంటే కాస్త పెద్ద పలకలు, మీద కొన్ని మీటలు, ఎర్రగా వెలిగే అంకెలు. యంత్రం లోపల ఒక్కొక్క అడుగు ఎలా నడుస్తుందో పిల్లలు వాటి మీద నేర్చుకునేవారు. సముద్రపు గాలికి మీటలు బిగిసిపోయి, వానాకాలం వచ్చిందంటే ఒకటో రెండో చచ్చేవి. చివరికి క్లాసంతా మూడు కిట్ల మీద పడేది.

నూకరత్నం ఒకరోజు వచ్చి, "మేడమ్, కిట్టు లేకపోతే ఏటి? కంప్యూటరు సేతే కిట్టు ఏసం కట్టిస్తాను" అంది.

మా ఊళ్లో యాత్రకి మొక్కుకున్నవాళ్లు వేషం కట్టి వీధులు తిరుగుతారు. పులి వేషం కట్టినవాడు యాత్ర అయ్యేదాకా పులే. ఆ పిల్ల చెప్పింది అలాంటిదే. కంప్యూటరు లోపల ఒక ప్రోగ్రాం కూర్చుని, అచ్చం కిట్టులాగే ప్రవర్తిస్తుంది. కిట్టుకి రాసిన ప్రోగ్రాం ఏదిచ్చినా, కిట్టు వేసే అడుగులన్నీ తనూ వేస్తుంది. ఒక ప్రోగ్రాం ఇంకో యంత్రమై పోవడం అన్నమాట.

"ముందు పరీక్షకి సదువు. ఏసాలు తరవాత" అని కసిరాను. ఆ పిల్ల తల ఊపి వెళ్లి, రాసేసింది. దాన్నే ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా పెట్టింది. రెండో ఏడాది పిల్లలు కిట్ల కోసం కొట్టుకోవడం మానేసి దీని మీద నేర్చుకోవడం మొదలుపెట్టారు. నాకెంత సంతోషమైందో ఆ పిల్లకు చెప్పలేదు. చెప్పే అలవాటు లేదు నాకు.

వేషానికి ఒక ఖర్చుంది. కిట్టు ఒక అడుగు వేయాలంటే, వేషం కట్టినది లోపల చాలా అడుగులు వేయాలి. అందుకని నిదానం. నూకరత్నం అక్కడితో ఊరుకోలేదు. వేషం కట్టిన కిట్టు లోపల ఇంకో చిన్న యంత్రం వేషం కట్టించింది. పులి వేషంలో ఉన్నవాడు మళ్లీ ఇంకో వేషం అభినయించినట్టు. దానికి నిదానం మీద నిదానం. నేను చూసి, "బాగుంది గానీ, వైవాలో ఇలాటి గొప్పలు సూపించకు. పని సేసేది సూపించి బయటపడు" అన్నాను.

"సరే మేడమ్" అంది. ఆ సరే ఎంతవరకో నాకు తెలిసి ఉండాల్సింది.

వైవా రోజు

ప్రాజెక్టు పరీక్షకి వేరే ఊరి నుంచి ఒక పరీక్షకుడు వచ్చారు. ఒడియా ఆయన, నెమ్మదైన మనిషి, మాటిమాటికీ కళ్లద్దాలు తుడుచుకునేవారు. తెలుగు మాట్లాడరు గానీ వింటే తెలుస్తుంది. ఆయన ఒడియాలో అన్నవి ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మార్కులు వేసేది ఆయనే. పక్కన మహాపాత్ర సారు కూర్చుంటారు. ప్రాజెక్టు దగ్గరుండి చేయించిన నేను గదిలో ఉండవచ్చు, నోరు విప్పకూడదు. నాలాంటి మనిషికి ఇంతకంటే శిక్ష ఉండదు.

కిట్టు వేషం చక్కగా నడిచింది. పరీక్షకుడు మెచ్చుకుని, "ఇంతకంటే పెద్దదేమైనా నడిపించి చూశావా?" అని అడిగారు. ఉత్త మర్యాదకి అడిగి ఉంటారు. నూకరత్నం నా వైపు చూడకుండా, ఆ వేషంలో వేషం మొదలుపెట్టేసింది.

అది చేయవలసిన పని, గజిబిజిగా ఉన్న అంకెల పెద్ద కుప్పని వరసలో పెట్టడం. పద్ధతి ఇది: కుప్పలోంచి ఒక అంకె తీసి పక్కన పెట్టాలి. దానికంటే చిన్నవి ఒక కుప్ప, మిగిలినవి ఇంకో కుప్ప. ఆ రెండు కుప్పల్నీ వరసలో నిలబెట్టి, ఒక్కొక్కదాన్నీ మళ్లీ అలాగే విడదీయాలి. ఇంకా ఎన్ని కుప్పలు మిగిలాయో తెర మీద ఒక మూల అంకె కనబడుతూ ఉంటుంది.

కాసేపు చూశారు. అవలేదు. మహాపాత్ర సారు అలవాటు ప్రకారం పరీక్షకుణ్ని అప్పన్న దుకాణానికి తీసుకెళ్లారు. నేను కదల్లేదు. నూకరత్నం, నేను తెర ముందు నిలబడ్డాం. మాట్లాడుకోకూడదు. తెర మూల ఉన్న అంకె పెరుగుతోంది.

వాళ్లు టీ తాగి వచ్చారు. ఇంకా నడుస్తూనే ఉంది. పరీక్షకుడు వంగి ఆ మూల చూసి, "మేం వెళ్లేటప్పటికంటే పెరిగిందే" అన్నారు. "మిగిలిన పని తగ్గాలి గానీ పెరుగుతూ పోతే ఇదెలా ముగుస్తుందమ్మా? ఇరుక్కుంది." తరవాత గోడ వైపు చూపించి, "మీ నియమం కూడా ఇదే కదా" అని కలం మూత తీశారు.

ఆ కలం అక్కడ సున్నా వేస్తే నూకరత్నం చమఖండి వెళ్లిపోతుంది. అది నాకు తెలుసు, ఆ పిల్లకు తెలుసు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. నోరు నొక్కుకుని నిలబడ్డాను.

మహాపాత్ర సారు నా ముఖం చూశారు. తన రాతే గోడ మీద ఉంది. గొంతు సవరించుకుని, "పిల్లా, నీకేటైనా సెప్పాలనుందా?" అన్నారు.

నూకరత్నం ముందు ఏడ్చింది. తరవాత ఒడియాలో మొదలుపెట్టి, రెండు మాటలకే తెలుగులోకి వచ్చేసింది.

"సార్, మా ఇంట్లో వల సిక్కుపడితే మా అయ్య ఇసక మీద పరిసి ఇప్పుతాడు. పెద్ద సిక్కు ఒకటి ఇప్పితే లోపల్నించి మూడో నాలుగో సిన్న సిక్కులు బయటపడతాయి. లెక్కెడితే పెరిగినట్టే ఉంటాది. సూసినోళ్లు, ఇదేటి ఇంకా పాడుసేసినావు అంటారు. గానీ సార్, సిన్న సిక్కులోంచి పెద్ద సిక్కు ఎప్పుడూ రాదు. దానికంటే సిన్నదే వస్తాది. ఆకరికి ఒట్టి ముడి మిగుల్తాది. అది ఇప్పితే దాన్లోంచి ఇంకేటీ రాదు. ఇదీ అంతే. కుప్పలు ఎన్నున్నాయో తెర మీద ఏసినాను, ఏ కుప్ప ఎంతుందో ఎయ్యలేదు. ఎన్ని అన్నది పెరుగుతాది. ఎంత అన్నది తగ్గుతానే ఉంటాది."

పరీక్షకుడు కలం పక్కన పెట్టారు. కళ్లద్దాలు తుడుచుకున్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది, కానీ ఆయన వదల్లేదు.

"ఒక కుప్పలో అన్నీ ఒకే అంకె అనుకో" అన్నారు. "చిన్నవంటూ లేవు. మిగిలినవన్నీ ఒకే కుప్పలోకి పోతాయి. వచ్చింది చిన్న చిక్కు కాదు, అదే చిక్కు. మళ్లీ విడదీస్తే మళ్లీ అదే. అప్పుడు?"

సరిగ్గా అక్కడే ఇలాంటి ప్రోగ్రాంలు ఇరుక్కునేది. ఎంతమంది పిల్లలు ఆ గోతిలో పడగా చూశానో. ఈ పిల్ల అక్కడ ఏం రాసిందో నాకు గుర్తు రాలేదు. మంచి ప్రశ్న అడిగిన మనిషి మీద కోపగించుకోవడానికి కూడా లేదు.

నూకరత్నం తను రాసిన కాగితాలు తిరగేసింది. వేలు ఒక వరస మీద ఆనింది. "సార్, ముందు ఒక అంకె తీసి పక్కన ఎడతాను కదా. అది మళ్లీ ఏ కుప్పలోకీ ఎల్లదు. దాని సోటు అదే. అందుకని మిగిలిన కుప్ప ఎప్పుడూ ఒకటైనా తక్కువే."

ఆయన ఆ వరస చదివారు. పెన్సిలు తీసుకుని, మూడు ఒకే అంకెలు రాసుకుని, అడుగడుగూ తనే వేసి చూశారు. మూడు రెండైంది, రెండు ఒకటైంది. "సరే. ఇది లోపలి ప్రోగ్రాం మాట. దాని మీద ఒక వేషం, ఆ వేషం మీద ఇంకో వేషం ఉంది కదా. లోపల ఆగినంత మాత్రాన బయట ఆగుతుందని ఏమిటి?"

"లోపల ఒక అడుక్కి బయట కొన్ని అడుగులు పడతాయి సార్. శానా పడతాయి. గానీ ఆ ఒక్క అడుగు మీదే ఉండిపోదు." అని, వేషం ఒక్కొక్క అడుగు ఎలా పూర్తి చేస్తుందో ఆ కాగితాలూ చూపించింది. "నిదానం అవుతాది అంతే."

"ఎంతసేపు పడుతుంది?"

"తెలవదు సార్," అంది. "సాయంత్రం అవ్వచ్చు. రేపు అవ్వచ్చు. ఎప్పుడాగుతాదో సెప్పలేను. ఆగకుండా మాత్రం ఉండదు."

ఆ 'తెలవదు' విన్నప్పుడు నాకు కలిగిన గర్వం, నా ఉద్యోగంలో ఇంకెప్పుడూ కలగలేదు. తెలియనిది తెలియదని, తెలిసింది తెలుసని, రెండిటి మధ్యా గీత సరిగ్గా గీసింది. నేను ఏటేటా క్లాసులో చెప్పాలని తంటాలు పడ్డది అదే.

పరీక్షకుడు కలం తీసుకుని మార్కులు వేశారు. తిప్పి నాకు చూపించకపోయినా, కలం కదిలిన తీరుని బట్టి సున్నా కాదని తెలిసింది. సంతకం పెడుతూ, "ఆగేదాకా కూర్చుని చూసి ఉంటే ఇవాళ ఒక్కసారి ఆగిందని తెలిసేది" అన్నారు. "ఇప్పుడైతే ఎప్పుడు నడిపించినా ఆగుతుందని తెలిసింది. ఇదే మేలు."

ప్రోగ్రాం పక్కన నడుస్తూనే ఉంది. దాని వైపు ఎవరమూ చూడటం లేదు.

తరవాత

తరవాతి పిల్లవాడికి యంత్రం కావాలి. మహాపాత్ర సారు చెయ్యి అలవాటుగా స్విచ్చి దగ్గరికి వెళ్లింది.

"కట్టీకండి సారూ!" అని నూకరత్నం అరిచినంత పని చేసింది.

"ఏటమ్మా? ఆగుతాదని నువ్వే సెప్పినావు కదా. నమ్మకం లేదా?"

"నమ్మకం ఉంది సారూ. అందుకే. పూర్తి సేసీదాన్ని మద్దిలో సంపీకండి."

సారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. పిల్లవాణ్ని వేరే యంత్రం దగ్గరికి పంపి, అతనిది కూడా చూసి, పరీక్ష ముగించారు. అప్పుడు, "పదండి, టీ తాగుదాం. నువ్వూ రా నూకరత్నం" అన్నారు. ఆ పిల్ల అప్పటిదాకా అప్పన్న దుకాణంలో మా ఎవరి పక్కనా కూర్చుని ఎరగదు. తెర వైపు ఒకసారి చూసింది. కుప్పల అంకె ఇంకా పెరుగుతోంది. కాపలాగా ఎవరినీ కూర్చోబెట్టకుండా, దాన్ని దాని మానాన వదిలేసి మాతో వచ్చేసింది.

టీ తాగాం. పరీక్షకుడు చమఖండిలో ఏ కాలంలో ఏ చేప పడుతుందో అడిగారు, ఆ పిల్ల చెప్పింది. ఆ ఒక్క సాయంత్రం ఆ పిల్ల మాట్లాడినంత, మా దగ్గర చదివిన అన్నేళ్లలో మాట్లాడి ఉండదు. పాసై, ఆ నెలలోనే విశాఖ వెళ్లి ఉద్యోగంలో చేరింది.

ఆ సాయంత్రం టీ తాగి ల్యాబుకి వచ్చేసరికి ప్రోగ్రాం నడుస్తూనే ఉంది. మహాపాత్ర సారు తెర చూశారు. తల ఎత్తి గోడ మీద తన చేతిరాత చూశారు. మా వైపు తిరిగి, "ఇంకో టీ తాగుదాం పదండి" అన్నారు.

ఈ సంగతి విన్న పిల్లల్లో చాలామంది చివర్లో, "ఇంతకీ అది ఆగిందా మేడమ్?" అని అడుగుతారు. అడిగినవాళ్లకి మళ్లీ మొదటినుంచీ చెబుతాను. అడగని పిల్లలకి మాత్రం లేచి టీ పెడతాను.